‘తర్వాత చేయండి’ అంటే మళ్లీ చేస్తారు

అందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినిపిస్తోందా? సరే.

ఫోన్లు సైలెంట్‌లో పెట్టమని నిర్వాహకులు ఇందాక చెప్పారు. ఇవాళ్టికి మాత్రం నేను వద్దంటున్నాను. మనం మాట్లాడుకుంటుండగా ఎవరికైనా ‘సార్, లోన్ కావాలా’ అని ఫోన్ వస్తే స్పీకర్‌లో పెట్టండి. అడగకుండా వచ్చే ఈ అమ్మకం కాల్స్‌ను ఎలా ఆపాలన్నదే ఇవాళ్టి పాఠం, దాని మీదే చెప్పుకుందాం. (నవ్వులు)

నేను కొన్నేళ్లు కాల్ సెంటర్‌లో పనిచేశాను. మొదట్లో ఫోన్లు చేసే సీట్లో, తర్వాత టీమ్ లీడర్‌గా. అంటే ఇన్నాళ్లూ మీరు ఎవరిని తిట్టుకున్నారో ఆ మనిషినే పిలిచి మైకు ఇచ్చారన్నమాట. అందుకని చట్టాలు, యాప్‌లు తర్వాత చూద్దాం. ముందు ఆ గదిలో ఏం జరుగుతుందో చెప్తాను. అది తెలిస్తే ఫోన్ ఎత్తి ఏమనాలో సగం మీకే తోస్తుంది.

ఒక మనిషి మన నంబరు చూసి, నొక్కి, మనకు ఫోన్ చేశాడనుకుంటాం. అలా జరగదు. నంబర్లు కొట్టేది డయలర్ అనే సాఫ్ట్‌వేర్. గదిలో 20 మంది ఏజెంట్లు ఉంటే అది ఒకేసారి అంతకన్నా చాలా ఎక్కువ నంబర్లకు రింగ్ ఇస్తుంది. చాలామంది ఎత్తరని దానికి ముందే తెలుసు. ఈ గంటలో ఎంతమంది ఎత్తుతున్నారు, ఒక్కో కాల్ సగటున ఎంతసేపు నడుస్తోంది, ఇంకో అర నిమిషంలో ఎందరు ఏజెంట్లు ఖాళీ అవుతారు అని లెక్కేసుకుని, ఏజెంటు ఖాళీ కాకముందే డయల్ చేసేస్తుంది. ఈ లెక్కలకు ఆద్యుడు అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితవేత్త. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ టెలిఫోన్ రద్దీని సంభావ్యతతో ఎలా కొలవాలో 1909లో రాశాడు. జనం లైన్ కోసం ఎదురుచూడాల్సిన పని తగ్గించాలన్నది ఆయన తపన. మనుషుల విసుగును పెంచడానికీ అవే సూత్రాలు పనికొస్తాయని పాపం ఆయన అనుకుని ఉండడు.

మీ అందరికీ అనుభవమే. ఫోన్ ఎత్తుతాం, ‘హలో’ అంటాం, అవతల చప్పుడుండదు. రెండోసారి అంటాం. అప్పుడు టక్కున శబ్దం, వెనక నలుగురి గోల, ఆ తర్వాత ‘నమస్తే సార్’. ఆ ఖాళీలో డయలర్ మీ గొంతు విని, ఎత్తింది మనిషే అని నిర్ధారించుకుని, ఖాళీగా ఉన్న ఏజెంటు కోసం వెతుకుతోంది. ఎవరూ దొరకలేదనుకోండి, కట్ చేసేస్తుంది. బ్లాంక్ కాల్స్‌లో చాలా వాటి వెనక కథ ఇదే. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, ఆడవాళ్లు వీటికి ఎంత భయపడతారో నేను విన్నాను. ఇంట్లో మనిషి ఉన్నారో లేదో దొంగలు కనిపెడుతున్నారేమో అని రాత్రంతా టెన్షన్ పడ్డవాళ్లున్నారు. చాలాసార్లు అక్కడ జరిగింది లెక్క తప్పడం, అంతే. అమెరికాలో దీని మీద నిబంధనే ఉంది. మనిషి పలికిన రెండు సెకన్లలో ఏజెంటును కలపాలి, ఎత్తిన కాల్స్‌లో ఇలా వదిలేసేవి 3 శాతం దాటకూడదు.

ఇందులోంచి ఒక చిట్కా. తెలియని నంబరు ఎత్తాల్సి వస్తే ‘హలో’ అనకుండా రెండు మూడు సెకన్లు ఊరుకోండి. నిజంగా మీతో పని ఉన్న మనిషైతే తనే పలకరిస్తాడు. డయలర్ అయితే గొంతు వినపడక చాలాసార్లు వదిలేస్తుంది. ప్రతిసారీ పనిచేస్తుందని చెప్పను.

ఇప్పుడు అసలు సంగతి. ఇవాళ మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

కాల్ అయిపోగానే ఏజెంటు తెర మీద ఒక చిన్న జాబితా వస్తుంది. దాన్ని డిస్పోజిషన్ అంటారు. మేము ‘డిస్పో’ అనేవాళ్లం. ఎత్తలేదు, బిజీ, రాంగ్ నంబర్, ఆసక్తి లేదు, కాల్‌బ్యాక్, అమ్మకం అయింది, మళ్లీ చేయొద్దు. పేర్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కానీ వరస దాదాపు ఇదే. వీటిలో ఏదో ఒకటి నొక్కనిదే తర్వాతి కాల్ రాదు. ఆ నొక్కిన దాన్ని బట్టే మీకు మళ్లీ ఎప్పుడు ఫోన్ రావాలో డయలర్ నిర్ణయిస్తుంది.

మనం ఏమంటామో చూడండి. ‘ఇప్పుడు మీటింగ్‌లో ఉన్నానండీ.’ కాల్‌బ్యాక్, రెండు గంటల తర్వాత. ‘మా ఆయన్ని అడిగి చెప్తాను.’ కాల్‌బ్యాక్, ఆయన ఇంటికొచ్చాక సాయంత్రం. ‘ప్రస్తుతానికి వద్దులెండి.’ వచ్చే నెల. ‘చూద్దాం.’ అమ్మా, ‘చూద్దాం’ అన్నారంటే మా గదిలో పండగే! మీరు మర్యాదకు అన్నారు, తెర మీద మాత్రం ఆసక్తి ఉన్న మనిషి అయిపోయారు.

పోనీ ఎత్తకుండా వదిలేస్తే? ‘ఎత్తలేదు’ అని డయలరే రాసుకుంటుంది, ఇంకో సమయంలో ప్రయత్నిస్తుంది. పొద్దున ఎత్తకపోతే సాయంత్రం, మామూలు రోజుల్లో ఎత్తకపోతే ఆదివారం. మాట వినకుండా టప్పున పెట్టేస్తే? అది కూడా చాలాచోట్ల లైన్ కట్ అయిన లెక్కలోకే పోతుంది, మళ్లీ వస్తుంది. గట్టిగా తిడితే? మా తెర మీద ‘తిట్టారు’ అనే బటన్ లేదు. (నవ్వులు) తిట్లు తిన్న కుర్రాడు మంచినీళ్లు తాగి, ‘కాల్ కట్ అయింది’ అని నొక్కి, తర్వాతి నంబరుకు వెళ్లేవాడు. మీ బీపీ పెరగడం తప్ప రికార్డులో ఏమీ మారలేదు.

మేము ఫోన్ చేసే వాళ్లలో ఒక పెద్దాయన ఉండేవారు. గొంతును బట్టి చూస్తే బాగా చదువుకున్న మనిషి. ఎంత మర్యాదంటే, చెప్పేదంతా ఆసాంతం వినేవారు, మధ్యలో రెండు ప్రశ్నలు అడిగేవారు, చివర్న ‘మంచిది నాయనా, ఆలోచిస్తాను’ అనేవారు. ఎప్పుడూ ఏమీ కొనలేదు. ఆయన నంబరు మాత్రం లిస్టులోంచి పోలేదు. ఎందుకో తెలుసా? కొత్తగా చేరిన పిల్లలకు ప్రాక్టీస్ కావాలంటే ఆయనకు కలిపేవాళ్లు. విసుక్కోరు, కసురుకోరు, పూర్తి స్క్రిప్టు చదివే అవకాశం ఇస్తారు. అంత మంచితనానికి దక్కిన ఫలం, వారానికో కొత్త గొంతు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీరు కారణం చెప్పినంతసేపూ కాల్ ముగియదు. స్క్రిప్టులో అభ్యంతరాలకు జవాబులు రాసి ఉంటాయి, వాటిని రిబటల్స్ అంటారు. ‘డబ్బు లేదు’ అంటే వాయిదాల మాట వస్తుంది. ‘నాకు ఇప్పటికే ఉంది’ అంటే ఇది దానికన్నా మేలంటారు. ‘ఆలోచించుకోవాలి’ అంటే ఆఫర్ ఈ సాయంత్రంతో ఆఖరు. ఇన్నిసార్లు ఒప్పించే ప్రయత్నం చేయనిదే వదలకూడదని పైవాళ్లు పెట్టిన లెక్క కూడా ఉంటుంది, కాల్ రికార్డు విని మార్కులు వేస్తారు. కాబట్టి ‘ఎందుకు వద్దు సార్?’ అనే ప్రశ్న ఏజెంటు కుతూహలం కొద్దీ అడిగింది కాదు. దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. అబద్ధం చెప్పి తప్పించుకుందామనీ చూడకండి. ‘నేను ఊళ్లో లేను, ఇంట్లో పిల్లలే ఉన్నారు’ అని ముక్కూమొహం తెలియని వాళ్లకు చెప్పడం ఏం తెలివి చెప్పండి?

మరి ఏమనాలి? ‘నాకు వద్దు. నా నంబరు మీ లిస్టులోంచి తీసేయండి, మళ్లీ చేయొద్దు.’ గొంతు పెంచక్కర్లేదు. అన్నాక వాళ్ల జవాబు కోసం ఆగకుండా పెట్టేయండి. ‘ఆసక్తి లేదు’ అనేదానికీ ‘మళ్లీ చేయొద్దు’ అనేదానికీ డయలర్‌లో చాలా తేడా ఉంది. మొదటిది కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది. రెండోది నొక్కితే ఆ నంబరు ఆ లిస్టులో ఆగిపోతుంది.

ఆ లిస్టులో అన్నాను, గమనించారా? చిక్కంతా అక్కడే ఉంది. ఒక పెద్ద సంస్థ తన కార్డో పాలసీయో అమ్మే పనిని నాలుగైదు ఏజెన్సీలకు ఇస్తుంది. అందరూ ఆ సంస్థ పేరే చెప్తారు. మీరు ఒక ఏజెన్సీకి వద్దని చెప్పారు, అక్కడ ఆగింది, మిగతావాళ్లకు తెలియదు. ‘పదిసార్లు చెప్పినా సిగ్గు లేదు వీళ్లకి’ అనుకుంటాం, నిజానికి పదిసార్లూ వేరువేరు వాళ్లకు చెప్పి ఉంటాం. అందుకే పెట్టేసే ముందు ఓపిక ఉంటే ఒక్కటి అడగండి. ‘మీరు ఆ కంపెనీ ఉద్యోగులా, ఏజెన్సీ వాళ్లా? ఏజెన్సీ పేరేంటి?’ చెప్తే రాసుకోండి. ఆ తర్వాత అసలు సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, ఈమెయిల్ చాలు. తేదీ, టైము, వచ్చిన నంబరు, మీ నంబరుకు ఏ రకమైన ప్రచార కాల్సూ వద్దన్న మాట. పై నుంచి వచ్చే నోటీసుకు ఏజెన్సీలు భయపడినట్టు ఫోన్లో అరుపులకు భయపడవు. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

నంబర్లు ఎక్కడివి అని చాలామంది అడుగుతారు. ఎక్కువగా మనం ఇచ్చినవే. లక్కీ డ్రాలో పడేసిన చీటీ, వడ్డీ రేట్లు పోల్చి చూపిస్తామన్న వెబ్‌సైటు, కాంటాక్టులు చూసుకోనివ్వమన్న యాప్. ఫామ్ అడుగున ముందే టిక్ పెట్టి ఉంచిన గడి ఒకటి ఉంటుంది చూశారా, ‘మా భాగస్వాములు మిమ్మల్ని సంప్రదించవచ్చు’ అని? ఆ భాగస్వాములే రేపు ఫోన్ చేసేది. టిక్ తీసేయడం మన చేతిలో పని. నంబరు తప్పనిసరి కాని చోట ఇవ్వకపోవడం ఇంకా మంచిది.

ఇక చట్టాలు. దేశదేశాల్లో రెండు దారులున్నాయి. వద్దన్నవాళ్లకు చేయకూడదు అనేది ఒక దారి. ఒప్పుకున్నవాళ్లకే చేయాలి అనేది రెండోది. జర్మనీది రెండో దారి, ముందుగా అనుమతి లేకుండా వినియోగదారుకు అమ్మకం కాల్ చేయడమే అక్కడ నేరుగా చట్టవిరుద్ధం. నా ఓటు దీనికే. వద్దు అని చెప్పుకునే భారం మనమీద ఎందుకుండాలి?

అమెరికా మొదటి దారి పట్టింది. అక్కడ జాతీయ డు నాట్ కాల్ రిజిస్ట్రీ 2003 జూన్‌లో తెరిచారు. అక్టోబరులో అమలు మొదలయ్యే లోపే 5 కోట్లకు పైగా నంబర్లు చేరిపోయాయి. జనం ఎంత విసిగిపోయి ఉన్నారో చూడండి. అయితే అందులోనూ కంతలున్నాయి. రాజకీయ పార్టీలకు, దాతృత్వ సంస్థలకు, సర్వేలకు ఆ జాబితా వర్తించదు. మీరు ఏదైనా కొన్న కంపెనీ 18 నెలల వరకూ చేయొచ్చు, ఆపమని మీరు విడిగా చెప్తే తప్ప. బ్రిటన్‌లో ఇలాంటి జాబితా 1999 నుంచి ఉన్నా, పెన్షన్ల పేరు చెప్పి వృద్ధుల్ని ముంచడం ఆగక, 2019 జనవరిలో పెన్షన్ల మీద అయాచిత కాల్స్‌నే నిషేధించాల్సి వచ్చింది.

భారతదేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇలాంటి జాబితాను 2007లో మొదలుపెట్టింది, ఇప్పుడు నడుస్తున్నవి 2018 నాటి నిబంధనలు. 1909 నంబరు ద్వారా గానీ, ట్రాయ్ డీఎన్‌డీ, అంటే ‘డు నాట్ డిస్టర్బ్’ యాప్‌లో గానీ మీ ఇష్టాయిష్టాలు నమోదు చేసుకోవచ్చు. ఎర్లాంగ్ పత్రం వచ్చిన సంవత్సరం, ఈ నంబరు ఒకటే కావడం కాకతాళీయం. నాకు మాత్రం ఎందుకో సరదాగా అనిపిస్తుంది. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలి, బ్యాంకుల వంటి ఆర్థిక సంస్థల లావాదేవీ, సర్వీసు కాల్స్‌కు 1600 సిరీస్ కేటాయించారు. మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి లోన్ ఇస్తామని ఎవరైనా చేశారంటే, మాట మొదలెట్టక ముందే నిబంధన తప్పినట్టు. అది పట్టుకుని ఫిర్యాదు చేయొచ్చు.

ఇక్కడ ఒక గీత గీసుకుందాం. ఇంతవరకూ నేను చెప్పిందంతా అమ్మేవాళ్ల గురించి. మోసగాళ్ల సంగతి వేరు. వాళ్లకు లిస్టులోంచి తీసేయమని చెప్తే, ఈ నంబరు వెనక మాట్లాడే మనిషి ఉన్నాడని మనమే చెప్పినట్టు. రికార్డు చేసిన గొంతు ‘మా కాల్స్ వద్దనుకుంటే 9 నొక్కండి’ అంటుంది, నొక్కకండి. ఎవరో తెలియని రికార్డెడ్ కాల్‌లో ఏ అంకే నొక్కొద్దు. కేసు పెట్టామని, ఖాతా ఆగిపోతుందని, ఓటీపీ చెప్పమని, ఎవరితోనూ చెప్పకుండా లైన్లోనే ఉండమని అన్నారంటే ఒక్క మాట కూడా అనకుండా పెట్టేయండి. అక్కడ మర్యాద లెక్కలేవీ లేవు. నిజంగా బ్యాంకేమో అని అనుమానం వస్తే కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే చేయండి.

తెర మీద కనిపించే నంబరునూ నమ్మలేం. ఇంటర్నెట్ మీదుగా చేసే కాల్స్‌లో తమది కాని నంబరు చూపించడం కష్టం కాదు. చివరికి గొంతునూ నమ్మలేని రోజులు వచ్చాయి. 2024 జనవరిలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఎన్నికలకు ముందు అప్పటి అధ్యక్షుడు బైడెన్ గొంతును కృత్రిమ మేధతో అనుకరించి ఓటర్లకు కాల్స్ పంపారు. మరుసటి నెలలోనే అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ అలాంటి గొంతులు కూడా కృత్రిమ స్వరాల నిబంధన కిందికే వస్తాయని తేల్చింది. అంటే ముందుగా ఒప్పుకోనివాళ్లకు అలాంటి కాల్స్ పంపకూడదు.

మోసగాళ్లను ఆడించి టైమ్ వేస్ట్ చేసేవాళ్ల వీడియోలు మీరు చూసే ఉంటారు. బ్రిటన్‌లో ఓటూ అనే టెలికాం కంపెనీ 2024 నవంబరులో డైసీ అనే ఏఐ బామ్మను తయారుచేసింది. మోసగాడితో తన అల్లికల గురించి, కుటుంబం గురించి ఒక్కోసారి 40 నిమిషాల దాకా ముచ్చట్లు పెట్టడమే ఆవిడ పని. వినడానికి మహా సరదాగా ఉంటుంది. కానీ అది యంత్రం, దానికి ఖాతా లేదు, నోరు జారదు. మనకు రెండూ ఉన్నాయి. ఆ పని డైసీకే వదిలేద్దాం.

నేను చెప్పదలచుకున్నది ఇంతే, ఇక ప్రశ్నలడగండి.

[ఒక వృద్ధురాలు: బాబూ, తెలియని నంబరు ఎత్తొద్దంటారు. ఆసుపత్రి నుంచో, పిల్లల దగ్గర నుంచో వచ్చిందైతే?]

మంచి ప్రశ్న అమ్మా. ఎత్తొద్దు అని నేననను. పిల్లల నంబర్లతో పాటు వాళ్ల స్నేహితులవి, ఆఫీసువి, మీ డాక్టరుగారి క్లినిక్‌ది కూడా పేర్లతో సేవ్ చేయించుకోండి. ముఖ్యమైన ఫోన్ తెలియని నంబరు నుంచి రావడం అప్పుడు చాలా తగ్గిపోతుంది. ఐఫోన్‌లో 2019 నుంచి తెలియని కాల్స్‌ను మోగకుండా చేసే సదుపాయం ఉంది, మిగతా ఫోన్లలోనూ స్పామ్ అని తెలిసినవాటిని ఆపే సెట్టింగులున్నాయి. పరీక్షల రిపోర్టు కోసమో ఇంకెందుకో ఎదురుచూసే రోజు అది తీసేయండి, తర్వాత మళ్లీ పెట్టుకోండి. మీ మనవడికి రెండు నిమిషాల పని.

[ఒకాయన: సార్, నేను డీఎన్‌డీ పెట్టుకుని ఏళ్లయింది. కాల్స్ వస్తూనే ఉన్నాయి. దండగ కదా?]

మీ కోపం నాకు అర్థమైంది మాస్టారూ. డీఎన్‌డీ రిజిస్టరైన టెలీమార్కెటర్లను ఆపుతుంది. మీకు వచ్చేవి బహుశా రెండు రకాలు. మీరు ఎక్కడో ఫామ్‌లో ఒప్పుకున్నవి ఒకటి, అసలు రిజిస్టరే కాకుండా మామూలు సిమ్‌లతో చేసేవి రెండు. రెండో రకాన్ని ఆపేది డీఎన్‌డీ కాదు, ఫిర్యాదు. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ నిబంధనలు మార్చింది. ఇంతకుముందు మూడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి, ఇప్పుడు ఏడు రోజుల గడువు. రిజిస్టర్ కానివాళ్ల మీద చర్యకు టెలికాం కంపెనీకి 30 రోజులుండేది, ఇప్పుడు ఐదు రోజులే. అన్నిటికన్నా ముఖ్యం, ఒక నంబరు మీద పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చాలు, చర్య మొదలవుతుంది. వీళ్లు రోజుకు కొన్ని వందల మందికి చేస్తారు. అంతమందిలో ఐదుగురు కదలాలి. ఆ ఐదుగురిలో మీరొకరు. డీఎన్‌డీ లేనివాళ్లు కూడా రిజిస్టర్ కానివాళ్ల మీద ఫిర్యాదు చేయొచ్చు. మోసం అనుమానం ఉంటే మాత్రం కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చక్షు అనే ఫిర్యాదుల విభాగం ఉంది, అక్కడ చెప్పండి.

[ఒక అమ్మాయి: మా అన్నయ్య ఇదే ఉద్యోగం చేస్తున్నాడండీ. అందరూ ఇలా పెట్టేస్తే వాడి గతేం కావాలి?]

మీ అన్నయ్యను అడిగి చూడమ్మా, ఏ కాల్ అంటే తనకు భయమో. పది నిమిషాలు కబుర్లు చెప్పి చివర్న ‘ఆలోచిస్తాను’ అన్నవాళ్ల కాల్. టార్గెట్ అమ్మకాల్లో ఉంటుంది కానీ కబుర్లలో ఉండదు. కొనని మనిషి ఐదు సెకన్లలో స్పష్టంగా వద్దంటే ఆ కుర్రాడికి మేలే చేసినట్టు. తిట్టొద్దని అందుకే అంటాను. సీట్లో కూర్చున్న మనిషికి ఆ లిస్టు మీద అధికారం ఉండదు, ఒక్క ఆ డిస్పో బటన్ మీద తప్ప.

[వెనక నుంచి ఒకరు: ఇవన్నీ ఎందుకు సార్, నంబరు మార్చేస్తే పోలా?]

పోదండీ. వదిలేసిన నంబర్లను కంపెనీలు కొంతకాలం ఆపి ఇంకొకరికి ఇస్తాయి. మీకు వచ్చే కొత్త నంబరు పాత యజమాని ఏ లక్కీ డ్రాలో రాసిచ్చాడో మీకేం తెలుసు? ఆయన అప్పులవాళ్లు కూడా మీకే ఫోన్ చేయొచ్చు. అయినా మార్చక తప్పదంటే, పాతది వదిలే ముందు బ్యాంకు, ఈమెయిల్, పెన్షన్, గ్యాస్ కనెక్షన్ అన్నిచోట్లా కొత్త నంబరు ఎక్కించండి. లేకపోతే మీ ఓటీపీలు ఆ పాత నంబరు ఎవరికి పోతే వాళ్లకు మోగుతాయి.